మా అంబాసిడర్‌కి ముందు బంపరు మార్చిన వైనం

ఇప్పటి కార్లకి బంపరు మార్చడం పెద్ద పనేం కాదు. పొద్దున సర్వీస్ సెంటర్‌లో అప్పజెప్పి సాయంత్రం తెచ్చుకోవచ్చు. పైకి కనబడేది రంగు వేసిన ప్లాస్టిక్ మూత. క్లిప్పులు ఊడదీసి కొత్తది నొక్కేస్తారు. అంబాసిడర్ సంగతి వేరు. దాని బంపరు మందపాటి ఉక్కు రేకు, పైన క్రోమ్ పూత. వెనక రెండు ఇనుప బ్రాకెట్లు దాన్ని మోస్తాయి. లారీకి ఉన్నట్టు విడి ఛాసీ ఈ బండికి లేదు, బాడీతో కలిపి వెల్డింగ్ చేసిన రెండు దూలాలే ఉంటాయి. మన మెకానిక్కులు వాటినే ఛాసీ అంటారు. బ్రాకెట్లు వాటికే బిగించి ఉంటాయి. కాబట్టి బంపరుకి గట్టి దెబ్బ తగిలితే అది బంపరుతో ఆగదు.

మాది 1985 మార్క్ 4, పెట్రోలు బండి. మా మేనమామ వాడి వాడి నాకిచ్చారు. విజయవాడలో మా సందు ఇరుకు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ ఒకటి వెనక్కి వస్తూ, ఆగి ఉన్న మా బండిని తన వెనక గార్డుతో నెట్టింది. చప్పుడుకి బయటికి పరుగెత్తాను. డ్రైవర్ కుర్రాడు దిగి చూసి, “బండికేం కాలేదు సార్, బంపరే” అన్నాడు. బంపరు నడుమ విరిగినట్టు లోపలికి వంగింది. ఎడమవైపు ఓవర్‌రైడర్, అంటే బంపరు మీద నిలువుగా బిగించే కొమ్ము లాంటి ముక్క, ఊడి కింద పడింది. ఎడమ చివర పోయి మడ్‌గార్డుకి ఆనుకుంది. మా ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే, మన బండి నష్టానికి రూపాయి రాదు. ట్యాంకర్ ఓనరు కొంత ఇచ్చాడు, మిగతాది నేనే పెట్టుకున్నాను. దాని మీద పోట్లాడే ఓపిక నాకు లేదు.

మొదట అందరూ చెప్పిన సలహా ఒక్కటే: “ఆ బంపరు తీసిపారేసి స్టీలు పైపు గార్డు వేయించెయ్ అన్నా, ఇక ఎవడు గుద్దినా టెన్షన్ ఉండదు.” ఆటోనగర్‌లో అది ఒక పూట పని. కానీ కార్లకి అలాంటి గార్డులు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసింది. మా బండి పదిహేనేళ్లు ఎప్పుడో దాటింది కదా, అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు కూడా బాగా పెంచారు. అక్కడికి పైపులు బిగించుకుని వెళ్లి మాటపడటం ఎందుకు? చట్టం మాట అటుంచినా, ఆ గుండ్రటి ముఖానికి పైపులు కడితే చూడటానికి నాకు మనసొప్పదు.

కంపెనీ సామాను దొరుకుతుందేమోనన్న ఆశ లేదు. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ప్యుజో కంపెనీకి 80 కోట్లకి అమ్మేశారు. ఇక మిగిలినవి మూడు దారులు. పాతదాన్నే సాగగొట్టి మళ్లీ ప్లేటింగ్ (కరెంటుతో లోహపు పూత) చేయించడం, డూప్లికేట్ కొత్తది కొనడం, వేరే బండి నుంచి విప్పిన అసలుది వెతికి పట్టుకోవడం.

పాతదాన్ని ముందు సొట్టలు తీసే టింకరింగ్ భాయ్‌కి చూపించాను. ఆటోనగర్‌లో ఆయన షెడ్డు మా మేనమామ రోజుల నుంచీ తెలిసిందే. జవహర్ ఆటోనగర్ 1966 నాటిది. లారీ బాడీలు కట్టేవాళ్ల మధ్య ఇలాంటి చిన్న షెడ్లు ఇప్పటికీ నాలుగు మిగిలాయి. భాయ్ బంపరుని ఒడిలో పెట్టుకుని మడతపడిన చోట వేలితో రాసి చూశాడు. అక్కడ రేకు మీద సన్నగా చీలిక ఉంది.

“కొట్టి లేపుతాను సార్. కానీ ఇది ఇక్కడ చిట్లింది. వెల్డింగ్ పెట్టి అరగదీసినా ప్లేటింగ్ అయ్యాక గీత కనపడుద్ది.”

“పుట్టీ పెట్టి మూసేస్తే?”

“పుట్టీ పెయింటుకి సార్. ప్లేటింగ్ తొట్లో పుట్టీ నిలవదు, దాని మీద కరెంటు పారదు, పూత ఎక్కదు. పెయింటు తప్పు దాస్తది, క్రోమ్ తప్పు చూపెడతది.”

ఇది పాత కారు ఉన్న ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట. మడ్‌గార్డు మీద సొట్ట ఉంటే సగం కొట్టి సగం పుట్టీతో నెట్టుకురావచ్చు. బంపరు మీద సొట్టని లోహంతోనే సరిచేయాలి. సుత్తి, డాలీ (రేకుకి ఆనించే ఇనుప దిమ్మె) పెట్టి లోపలి నుంచి లేపాలి, లేకపోతే ఇత్తడి పోసి నింపి ఆకురాయితో రుద్దాలి. అందుకే కొట్టే కూలీ ఎక్కువ.

డూప్లికేట్ కూడా చూశాను. ఒక స్పేర్ల దుకాణంలో ప్లాస్టిక్ కవరులో మెరుస్తూ ఉంది. చేత్తో ఎత్తితేనే తేడా తెలిసిపోయింది, మా పాతదాని బరువులో సగం కూడా ఉన్నట్టు లేదు. రెండు చివర్లూ పట్టుకుని కాస్త మెలిపెడితే కదిలింది. వెనక వైపు పూత పట్టని చోట అప్పుడే ఎర్రచుక్కలు. అట్ట పెట్టి చూస్తే బోల్టు బెజ్జాలు కూడా కలవలేదు. “రౌండ్ ఫైలుతో కొంచెం పెద్దది చేసుకుంటే సరిపోద్ది సార్” అన్నాడు దుకాణదారు. అలా చేసుకోవచ్చు. కానీ బెజ్జం పెద్దదయ్యాక బంపరు తన చోట తాను నిలవదు, బోల్టు ఎంత బిగించినా గతుకుల్లో దిగుతూనే ఉంటుంది.

ఆ అట్ట సంగతి చెప్పాలి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెని కోసి, పాత బంపరు వెనక ఆనించి, బోల్టు బెజ్జాలూ ఓవర్‌రైడర్ బెజ్జాలూ చివరి వంపూ పెన్సిల్‌తో గీసుకున్నాను. నడుమ వంగిపోయింది కాబట్టి కొలతలకి దెబ్బ తగలని కుడి సగాన్ని నమ్మాను, ఎడమ సగం దాన్నే తిప్పి గీశాను. అంబాసిడర్ మార్క్ 2 మోడల్ నుంచి నోవా మోడల్ దాకా బయటికి ఒకేలా కనిపిస్తుంది గానీ దాని సామాన్లు అన్నీ ఒకదానికొకటి పడవు. దుకాణంలో “అంబాసిడర్‌దే సార్, పడుద్ది” అనే మాటకి ఆ అట్ట ఒక్కటే జవాబు. చుట్టి చంకలో పెట్టుకుని తిరిగాను.

విజయవాడలో పాత సామాను వాళ్ల దగ్గర వెనక బంపర్లే దొరికాయి. ముందువి ముందే పోతాయి కదా మరి. కోల్‌కతాలో మల్లిక్ బజార్‌కి పొమ్మన్నారు కొందరు. అంత దూరం ఎందుకని పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాను. ఎగ్మూరు పక్కన, కూవం ఒడ్డున పుదుపేట ఉంటుంది. విప్పిన కార్లు అక్కడ ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. ఒక సందు నిండా తలుపులు, ఇంకో సందులో ఇంజన్లు, పైన మేడ మీద సైలెన్సర్లు. నాకు తమిళం అంతంతమాత్రం. అయినా “అంబాసిడర్, ఫ్రంట్ బంపర్” అంటే అర్థం కానివాళ్లు లేరు. మూడో దుకాణాయన నెల్లూరు వైపు మనిషి. నా అట్ట చూసి నవ్వి, “ఇట్టా వచ్చేవోళ్లు తగ్గిపోయినార్ సార్” అని అటక మీదికి కుర్రాణ్ణి ఎక్కించాడు.

పాత బంపరు కొనేటప్పుడు ముందు వైపు చూడటం దండగ. క్రోమ్ ఎలాగూ మళ్లీ వేయించాలి. తిరగేసి వెనక చూడాలి. పైపైన తుప్పు ఉంటే ఫరవాలేదు, పొరలు పొరలుగా లేస్తుంటే వద్దు. బోల్టు బెజ్జాల చుట్టూ ఇంతకుముందు వెల్డింగ్ పెట్టిన మచ్చలున్నాయేమో చూడాలి. అంచు పొడవునా వేలు పోనిస్తే ఎక్కడో ఒక చోట అల తగులుతుంది, అక్కడ ఎవరో కొట్టి లేపారన్నమాట. చివరికి ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి పట్టుకుంటే మెలిక ఉందో లేదో తేలిపోతుంది. ఆయన దించిన వాటిలో ఒకటి అట్టకి సరిగ్గా కూర్చుంది. క్రోమ్ సగం పోయి, కుడి చివర చిన్న సొట్ట ఉంది. కానీ రేకు మందం అసలుదే, చిట్లిన చోటు లేదు. ఓవర్‌రైడర్ల జతతో కలిపి నాలుగైదు వేలు అయింది. గోనెసంచిలో చుట్టించి లారీ పార్సిల్‌లో వేశాను. రైల్లో తెద్దామనుకున్నాను గానీ కొలుచుకుంటే అది బెర్తు కన్నా కొంచెమే తక్కువ.

ఇక విప్పడం. మా బండికి నట్లు అంగుళాల లెక్క. మిల్లీమీటర్ల పానాలతో పని చేద్దామంటే అక్కడే చెడుతుంది. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా పడుతుంది, కానీ వదులుగా. నలభై ఏళ్ల తుప్పు పట్టిన నట్టు మీద ఆ వదులు చాలు, మూలలు గుండ్రమైపోవడానికి. పాత అంబాసిడర్ మెకానిక్కుల దగ్గర అంగుళాల రింగ్ పానాల సెట్టు ఉంటుంది, భాయ్ దగ్గరా ఉంది. నేను వారం ముందు నుంచే బోల్టులకి తుప్పు వదిలించే నూనె కొడుతూ వచ్చాను. బంపరు బోల్టుకి బయట గుండ్రటి బొడిపె తల, దాని కింద నలుచదరం మెడ ఉంటుంది. ఆ మెడ బంపరు బెజ్జంలో ఇరుక్కుని బోల్టు తిరగకుండా ఆపుతుంది. మా దాంట్లో ఒకచోట ఆ మెడ తుప్పుకి అరిగిపోయింది. వెనక నట్టు తిప్పితే బోల్టు మొత్తం తిరుగుతోంది. ముందు తల నున్నగా ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. భాయ్ బ్యాటరీ వైరు తీయించి, హెడ్‌లైట్ వైర్ల మీద తడి గోనె కప్పి, గ్రైండర్‌తో నట్టు పక్కగా కోశాడు. మిగతావి కాస్త మంట చూపిస్తే కదిలాయి.

బంపరు ఊడొచ్చాకే అసలు సంగతి బయటపడింది. ఎడమ బ్రాకెట్టు లోపలికి తోసుకుపోయింది. అది బిగించిన చోట దూలం రేకు ఉబ్బింది. స్క్రూడ్రైవర్ కొనతో పొడిస్తే మట్టీ తుప్పూ కలిసిన పెళ్ల రాలి లోపల వేలు పట్టే బెజ్జం తేలింది. ట్యాంకర్ దెబ్బకి ఇది కొత్తగా వచ్చింది కాదు. అక్కడ ఎన్నో వానాకాలాల బురద కూరుకుపోయి ఉంది. పైన తళతళలాడే బంపరు ఉండబట్టి ఎవరూ కింద చూడలేదు. ఎంత మంచి క్రోమ్ చేయించినా ఆ కుళ్లిన రేకుకి బిగిస్తే ఆరు నెలల్లో ఒక పక్కకి వాలేది.

కాబట్టి ప్లేటింగ్ కన్నా ముందు దీని పని. భాయ్ కుళ్లిన మేర కోసేసి, బాగున్న ఇనుము వచ్చేదాకా వెనక్కి వెళ్లి, అంతే మందం రేకు కోసి వంచి వెల్డింగ్ పెట్టాడు. బ్రాకెట్టుని ఎర్రగా కాల్చి దిమ్మె మీద కుడిదానికి జతగా సరిచేశాడు. రెండూ పక్కపక్కన నేల మీద నిలబెట్టి, మీద స్కేలు పెట్టి చూసేదాకా ఒప్పుకోలేదు. ఎర్ర ప్రైమరు, దానిపై నల్ల పెయింటు. మొత్తం ఖర్చులో ఈ పనికైంది తక్కువే. చేయించిన పనుల్లో నాకు ముఖ్యమైనది మాత్రం ఇదే.

ప్లేటింగ్ షెడ్డులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “రాగి వేయాలా వద్దా సార్, రెండు రేట్లు.” తేడా తెలియకపోతే తక్కువ రేటుకే మొగ్గుతాం. క్రోమ్ అని మనం అనుకునే మెరుపులో చాలా భాగం నిజానికి నికెల్‌ది. పైనుండే క్రోమ్ ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) సగం కూడా ఉండదు. గీతలు పడకుండా, నికెల్ మాసిపోకుండా చూడటమే దాని పని. నీళ్లని ఆపేది కింద ఉన్న నికెల్. బయట ఎండావానల్లో తిరిగే సామానుకి అది 20 నుంచి 30 మైక్రాన్లు ఉంటేనే మన్నుతుంది. వాటి రెండింటి కిందా రాగి వేస్తే అది చిన్న చిన్న గుంటల్ని పూడుస్తుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి బఫింగ్‌కి (చక్రం మీద రుద్ది మెరుగుపెడితే) అద్దంలా వస్తుంది. కొత్త నునుపు రేకుకి రాగి లేకపోయినా నడుస్తుంది. తుప్పు గుంటలున్న పాత బంపరుకి రాగి లేకుండా వేస్తే ప్రతి గుంటా మెరుస్తూ కనిపిస్తుంది. రాగితోనే వేయమన్నాను. ఆయన రేటు ఏడు వేల పైచిలుకు, అంటే బంపరు ధర కన్నా ఎక్కువ.

ముందు పాత క్రోమ్‌నీ నికెల్‌నీ తొట్లో వదిలించారు. పూతలన్నీ పోయి బూడిదరంగు ఇనుము మిగిలాక బంపరు మళ్లీ భాయ్ దగ్గరికొచ్చింది. సొట్టలు నిజంగా కనబడేది అప్పుడే. కుడి చివర సొట్ట తీశాక, ఇంకోచోట నాకసలు కనపడని పల్లాన్ని ఆయన అరచేత్తో తడిమి పట్టుకున్నాడు. మళ్లీ షెడ్డుకి. బఫింగ్ చక్రాల దగ్గర ఒక కుర్రాడు మూతికి గుడ్డ కట్టుకుని గంటలు గంటలు రుద్దాడు. తర్వాత రాగి, మళ్లీ బఫింగ్. రాగి పూత మీద ఉన్నప్పుడు బంపరు కొత్త బిందెలా ఎర్రగా ఉంది, అలాగే బిగించేద్దామా అనిపించింది ఒక క్షణం. ఆ తర్వాత నికెల్, చివర్లో క్రోమ్ తొట్టి. ముదురు ఎర్రగోధుమ రంగు ద్రావణం, పైకి ఘాటైన ఆవిరి. క్రోమ్ తొట్లో ఉండేది క్రోమిక్ ఆమ్లం, అది ఊపిరితిత్తులకీ చర్మానికీ చాలా చెడ్డది, క్యాన్సర్ కారకం కూడా. ఇంట్లో చిన్న ప్లేటింగ్ కిట్ పెట్టుకుందామనుకునేవాళ్లు ఈ ఒక్క తొట్టి జోలికి పోకండి. షెడ్డులో ఆ కుర్రాళ్లకి సరైన తొడుగులు లేకపోవడం చూసి నాకు మనసుకి బాగోలేదు. ఓనరుతో అన్నాను. తలూపాడు.

ఇంటికి తెచ్చాక వెనక వైపు చూసుకున్నాను. లోతైన మూలలకి కరెంటు సరిగా అందదు కాబట్టి అక్కడ పూత పలచగానే పడుతుంది. ప్లేటింగ్ వాళ్ల తప్పు కాదు, ఆ పద్ధతే అంత. బాగా తుడిచి, ప్రైమరు కొట్టి, వెనకంతా అల్యూమినియం పెయింటు రెండు కోట్లు వేశాను. కొత్త బోల్టులు బొడిపె తలవే స్టెయిన్‌లెస్‌వి దొరికాయి. దగ్గరగా చూస్తే క్రోమ్ కొంచెం నీలంగా, స్టెయిన్‌లెస్ కొంచెం పసుపుగా కనిపిస్తాయి. రోడ్డు మీద నిలబడి చూసేవాళ్లెవరికీ తెలియదు, నాకు తెలుసు.

బిగించడానికి ఇద్దరు మనుషులైనా కావాలి, ఒకరు మోయడానికి, ఒకరు కింద పడుకోవడానికి. అన్ని బోల్టులూ చేత్తో తిరిగినంతవరకే తిప్పి వదిలేయాలి. ఒక వైపు పూర్తిగా బిగిస్తే రెండో వైపు బెజ్జాలు అందవు. ఓవర్‌రైడర్‌కీ బంపరుకీ మధ్య సన్నటి రబ్బరు తాడు పెట్టాం. అది లేకపోతే ఇనుము ఇనుముతో రాసుకుని కొత్త క్రోమ్ మొదటి నెలలోనే గీసుకుపోతుంది. తర్వాత మట్టం చూడటం. నేను టేపు పట్టుకుని నేల నుంచి రెండు కొసలకీ కొలిచాను, ఎడమ పక్క తక్కువొచ్చింది. వాషర్లు వేసి లేపుదామంటే భాయ్ ఆపాడు.

“నేల నుంచి కొలవొద్దు సార్. బండే ఎడమకి కూచుంది.”

నిజమే. అంబాసిడర్ ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల మీద, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల మీద ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవి సడలతాయి, రెండు పక్కలా ఒకేలా సడలవు. నేల కొలతతో బంపరు సరిచేస్తే నేలకి సమంగానే ఉంటుంది, బండి ముఖానికి మాత్రం వంకరగా కనిపిస్తుంది. కాబట్టి బాడీ నుంచే కొలవాలి. పోనీ మడ్‌గార్డుల నుంచి కొలుద్దామా అంటే ఇన్నేళ్లలో అవి ఎన్నిసార్లు విప్పి బిగించారో ఎవరికి తెలుసు, ఎడమదీ కుడిదీ ఒకేలా లేవు. చివరికి గ్రిల్ కింది అంచుని ఆధారం చేసుకున్నాం. దానికీ బంపరు పై అంచుకీ మధ్య ఖాళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా వచ్చేలా వాషర్లు వేస్తూ తీస్తూ కూర్చున్నాం. భాయ్ నాలుగిళ్ల అవతల దాకా నడిచి వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, చేత్తో పైకి కిందికి సైగ చేసేవాడు. నేను బంపరు కింద మోకాలు పెట్టి లేపేవాణ్ణి. సందులో వాళ్లంతా తలో మాట అనడం మొదలుపెట్టారు. ఎదురింటి మాస్టారికి ఇప్పటికీ కుడి పక్క కొంచెం దిగినట్టే ఉందట.

ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ బంపరు వైపు చూడనైనా చూడలేదు. లైట్లు, బ్రేకులు, ఛాసీ నంబరు, అంతే.

ఇప్పుడు నేను చేసేవి రెండే. వాన నీళ్లలో తిరిగొచ్చిన రోజు పైపు పెట్టి బంపరు వెనక, బ్రాకెట్ల సందుల్లో బురద కడుగుతాను. నెలకోసారి మైనం రాస్తాను. ఇత్తడి సామాన్లు తోమే పొడి మాత్రం దగ్గరికి రానివ్వను, సన్నటి గీతలు పడితే ఆ అర మైక్రాన్ ఎంతసేపు ఆగుతుంది? పాత క్రోమ్ మీద తుప్పు చుక్కలు ఉన్నవాళ్లు అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే పైపైవి పోతాయి. కింద గుంట పడి ఉంటే అది పోదు, ఇక ప్లేటింగే.

పాత బంపరు భాయ్ షెడ్డులోనే ఉంది. బాగున్న కుడి సగంలోంచి వేరే అంబాసిడర్‌కి ముక్క కోసి అతుకు వేస్తానన్నాడు, వేయమన్నాను. మా బండి వెనక బంపరుకి క్రోమ్ బాగా పోయింది, రేకు గట్టిగానే ఉంది. వానలు తగ్గాక దాని బ్రాకెట్లు విప్పి చూద్దామన్నాడు. బోల్టులకి ఇప్పటి నుంచే నూనె కొడుతున్నాను.